మూడో పెట్టె

చదరంగం ఆడే యంత్రాల బలమెంతో చెప్పడం నా ఉద్యోగం. మా కంపెనీ అమ్మే ప్రతి పెట్టె మీదా అది ఎవరికి తగినదో ఒక చీటీ అంటిస్తారు: కొత్తవాళ్లకి, క్లబ్బు ఆటగాళ్లకి, ఉద్దండులకి. ఏ చీటీ అంటించాలో నేను చెప్పాలి. గెలుపోటములు నేను పెద్దగా పట్టించుకోను, వేసే ఎత్తులు చూస్తాను. ముఖ్యంగా చేయడానికి పనేమీ లేనప్పుడు యంత్రం ఏం చేస్తుందో చూస్తాను. బలం లేనిది ఏనుగును పక్క గడిలోకి జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. పీకల మీదికి వచ్చినప్పుడు బంట్లను ఒక్కొక్కటే పారేసి, రావలసిన ఓటమిని కాసేపు వాయిదా వేస్తుంది. ఈ రెండూ కనిపిస్తే ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆ రోజు నా ముందు మూడు పెట్టెలు పెట్టారు. పేర్లు కనిపించకుండా కాగితాలు అతికించారు. వాటిలో ఒకటి మా మరిది చేసినది. ఏదో నాకు చెప్పకూడదు. మరిది అని తెలిసీ మా పెద్దాయన, అంటే కంపెనీ యజమాని, నన్నే కూర్చోబెట్టారు. ఆయన సొంత కొడుకు చేసిన పెట్టెకే కొత్తవాళ్ల చీటీ వేయించినదాన్ని, నా నోటికి మొహమాటం లేదని ఆయనకు బాగా తెలుసు.

ఉన్న ఉద్యోగం వదిలేసి, మా ఇంటి వెనక గదిలో కూర్చుని ఆ యంత్రం చేశాడు మా మరిది. సాయంత్రం కాగానే నాతో ఆడించేవాడు. నేను గెలిస్తే మొహం మాడ్చుకుని లోపలికి తీసుకెళ్లి బాగుచేసేవాడు. ఈమధ్య పరీక్ష దగ్గరపడిందని నాకు చూపించడం మానేశాడు. ఉద్దండుల చీటీ పడితే కంపెనీ ఆ పెట్టెను తయారుచేస్తుంది, వాడికి పని ఇస్తుంది. పడకపోతే అది అటకెక్కుతుంది. వాడు గాజు తలుపు అవతల నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. నెత్తిన వెంట్రుకలు పలచబడ్డా ఆ అలవాటు మాత్రం పోలేదు.

మొదటి రెండూ క్లబ్బు సరుకేనని తేలిపోయింది. మూడోది మాత్రం నన్ను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. నేను గుర్రాన్ని ఎటు పంపాలనుకుంటే అక్కడ ముందే బంటు కూర్చుని ఉంది. మంత్రిని బయటికి తీస్తే వెళ్లే దారి లేదు. చిత్తుగా ఓడిపోయాను. ఆడే తీరు చూసి ఇది మావాడిదేనని పోల్చుకున్నాను, ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"నిన్నింతలా ఉతికి ఆరేసిన పెట్టెని నేను చూళ్లేదమ్మా," అంటూ పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఇంకేం, ఉద్దండుల చీటీ తెప్పించనా?"

అవుననబోయి ఆగాను. ఆ ఎత్తులన్నీ నా కొలతలు తీసుకుని కుట్టిన చొక్కాలా ఉన్నాయి. బలమైన యంత్రం బల్లను చూసి ఆడుతుంది. ఇది నన్ను చూసి ఆడింది.

"ఇంకొక్క ఆట ఆడతానండి," అన్నాను.

"ఎందుకు? తేలిపోయిందిగా."

"తేలలేదండి."

ఈసారి నేను నాలా ఆడలేదు, మా అత్తగారిలా ఆడాను. ఆవిడ ఈ మధ్యే నేర్చుకున్నారు. ముందుగా అంచున ఉన్న బంటును తోస్తారు. ఏనుగు మూలన పడి ఉంటే పాపం దానికి విసుగేస్తుంది కదా అని బయటికి లాగుతారు. అలాంటి ఆటను ఏ క్లబ్బు యంత్రమైనా క్షణాల్లో మట్టికరిపించాలి.

పెట్టె మీద చిన్న దీపం చాలాసేపు మిణుకుమిణుకుమంది. చివరికి దాని ఏనుగు పక్క గడిలోకి జరిగింది. వెనక్కి రాకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను అనుకున్నాను. వచ్చింది. ఆ తర్వాత నేను గట్టిగా రెండు దెబ్బలు వేసేసరికి బంట్లను పారేయడం మొదలుపెట్టింది.

వాడు మోసం చేయలేదు. బలానికి కొలత అంటే వదినే అనుకుని, ఇన్నాళ్లూ నన్ను గెలిచే యంత్రాన్ని చేశాడు. నేనూ మురిసిపోతూ ఆడుతూనే ఉన్నాను.

పెద్దాయన గొంతు తగ్గించారు. "రెండోది నువ్వేదో సరదాకి ఆడావు. మొదటి ఆట నేను కళ్లారా చూశాను. అదే చాలు. నువ్వు ఊఁ అను."

నేను గాజు తలుపు వైపు చూశాను. వాడు నవ్వుతూ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"కొనేవాళ్లందరూ నేను కాదు కదండీ," అన్నాను. "కొత్తవాళ్లకి అని అంటించండి."

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు వాడు ఒక్కటే అడిగాడు. "రెండో ఆట ఎవరిలా ఆడారు వదినా?"

"మీ అమ్మలా."

ఇంటికి రాగానే పెట్టెను బల్ల మీద పెట్టి పావులు పేర్చాడు. వాడు పెట్టె తీస్తే ఎదుటి కుర్చీలో కూర్చోవడం నాకు అలవాటు. అలాగే కూర్చున్నాను.

"మీరు లేవండి వదినా," అన్నాడు నా మొహం చూడకుండా. "అమ్మ కూర్చుంటుంది."

ఆ మాట సరైనదేనని తెలుసు. అయినా ఏడుపొచ్చింది. లేచాను. అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, అంచున ఉన్న బంటును ముందుకు తోశారు. నేను కుర్చీ వెనక నిలబడి, దీపం ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తూ ఉండిపోయాను.