నాలుగు ముఖాల తెర

మందుల పెట్టెల్లో మడతపెట్టి ఉంచే కాగితాలు అచ్చువేసే ప్రెస్సు అది. ఎన్ని చుక్కలు, ఎన్ని చెంచాలు, రోజుకు ఎన్నిసార్లు అన్నదంతా ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది. ఆ ప్రెస్సులో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న ఆవిడను అందరూ అక్క అనే పిలుస్తారు, మేనేజరుతో సహా. అక్షరదోషం పట్టడంలో ఆవిడ కన్ను మహా చురుకు. మనుషుల మీద అనుమానం కూడా అంతే చురుకు.

ఈసారి ఆ అనుమానం కంప్యూటరులో అక్షరాలు కూర్చే డిటిపి ఆపరేటరు మీద పడింది.

అతనికి నలభై అయిదేళ్ళు దాటాయి. పదకొండేళ్ళుగా అక్క పక్క గదిలోనే కూర్చుంటాడు. ఏడాదిన్నర కిందట ఉన్నట్టుండి తన కంప్యూటరుకు ఏవేవో హంగులు తగిలించాడు. విండోను పట్టుకుని లాగితే తడిగుడ్డలా ఊగుతుంది. మూసేస్తే భగ్గున మండి మసైపోయినట్టు మాయమవుతుంది. ఇక డెస్క్‌టాప్ అంతా నాలుగు ముఖాల డబ్బాలా మారి గిర్రున తిరుగుతుంది. ఆ రోజునుంచి ప్రెస్సులో అతని పేరు గిరగిర.

మేనేజరు మురిసిపోయాడు. ఎవరొచ్చినా ముందు గిరగిర గదికే తీసుకెళ్ళేవాడు. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. ఒకాయనైతే చప్పట్లు కూడా కొట్టాడు.

"తమ్ముడూ, ఇదంతా ఉంటే పని తొందరగా అవుతుందా?" అని అడిగింది అక్క.

"చూడ్డానికి బాగుంటుంది కదక్కా," అని నవ్వేశాడు గిరగిర.

అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అది అక్కకు నచ్చలేదు. ఆరా తీయడం మొదలుపెట్టింది. ఇదివరకు మధ్యాహ్నానికి తయారయ్యే కాగితం ఇప్పుడు మర్నాటికి గాని చేతికి రావడం లేదు. పైగా గిరగిర అందరికంటే గంట ముందే వచ్చి కూర్చుంటున్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా గుమ్మంలో అడుగుపెడితే చాలు, తెర గిర్రున తిరిగేది. అప్పటిదాకా చూస్తున్నది వెనక్కి పోయి ఇంకో ముఖం ముందుకొచ్చేది.

"వేరే ప్రెస్సు పని చాటుగా చేస్తున్నాడు," అంది అక్క ఇంటికెళ్ళి మొగుడితో. "ఆ తిరుగుడు, ఆ మంటలు అన్నీ మన కళ్ళకు గంతలు కట్టడానికే."

బస్సుల మెకానిక్ అయిన మొగుడు చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ, "కళ్ళతో చూశావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"అయితే చూడు. చూశాక తిట్టు."

మర్నాడు భోజనాల వేళ గిరగిర చెయ్యి కడుక్కోడానికి వెళ్ళాడు. అక్క గబగబా వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంది. తెర తిప్పడం ఎలాగో తెలియక ఏదో మీట నొక్కింది. మూలనున్న చిన్న విండో ఒకటి మంటల్లో కాలిపోయింది. 'కొంప ముంచానురా దేవుడా' అనుకుంటూ ఇంకోటి నొక్కింది. డబ్బా తిరిగింది. ఒక్కో ముఖం ముందుకొస్తుంటే అక్క కళ్ళు చికిలించి చూసింది.

వేరే ప్రెస్సు పని ఏదీ లేదు. నాలుగు ముఖాల మీదా ఉన్నది ఒకటే కాగితం, పిల్లల దగ్గుమందుది. ముఖానికో పావు భాగం. నలుపు మీద తెల్లని అక్షరాలు, ఒక్కోటి అరచెయ్యంత. తెర నిండా నాలుగు మాటలు కూడా పట్టడం లేదు, మిగతాది జరుపుకుంటూ చదవాల్సిందే.

అక్కకు అర్థమయ్యేలోపే గుమ్మంలో అలికిడి అయింది. గిరగిర నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఆరడుగుల దూరం కూడా లేదు. అతను సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూస్తూ, తల వంచి అడిగాడు.

"ఎవరండీ అక్కడ కూర్చున్నది?"

"నేనే తమ్ముడూ," అంది అక్క.

అతను గోడ పట్టుకుని వచ్చి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?" అని అడిగింది అక్క.

"ఏడాదిన్నరనుంచి. దేన్ని సూటిగా చూస్తే అది మసకబారుతుంది. అంచుల్లో కనిపిస్తుంది. తగ్గదన్నారు డాక్టరుగారు. కంట్లో సూదులు వేయించుకుంటుంటే ఇంకా పెరగకుండా ఆగొచ్చట."

"మరి ఈ గారడీ అంతా ఎందుకయ్యా?"

"ఉత్తినే అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటే మొదటిరోజే అడుగుతారక్కా, ఏమైందని. మంటలు పెట్టి, గిర్రున తిప్పితే ఆ తిరుగుడే చూస్తారు, అక్షరాలు చూడరు, చప్పట్లు కొట్టి పోతారు." తెర వైపు చెయ్యి చూపించాడు. "అన్నీ హంగులే కావు. కదలకుండా ఉన్నది నాకు దొరకదు. విండో ఊగితే ఎక్కడుందో తెలుస్తుంది. మండితే మూసుకుందని తెలుస్తుంది. తిప్పుకుంటూ పోతే కాగితంలో ఎక్కడున్నానో మర్చిపోను. ఆ డబ్బా లేకపోతే నేను ఈ కుర్చీలో లేను."

అక్కకు జాలేసింది. కానీ జాలి వెనకే అనుమానం మళ్ళీ తలెత్తింది. ఈసారి భయంతో కలిసి. దగ్గుమందు కాగితంలో రెండున్నర కాస్తా ఇరవై అయిదయితే? రెండుకూ అయిదుకూ మధ్య చుక్క ఒక్కటి ఎగిరిపోతే చాలు.

ఆ మాట అతనితో అనలేదు. పాత ప్రూఫుల బీరువా తెరిచి, ఏడాదిన్నర కాగితాలు బయటికి లాగింది. నాలుగు రోజులు తలెత్తకుండా చదివింది. రెండు తప్పులు దొరికాయి. ఒకచోట ఒత్తు పోయింది, ఇంకోచోట ఒక వాక్యం రెండుసార్లు పడింది. అంకెల్లో ఒక్కటీ లేదు. రెండు తప్పుల కిందా, సరిచూశానంటూ పెట్టిన సంతకం అక్కదే.

అయిదో రోజు పొద్దున్నే గిరగిర దగ్గరికి వెళ్ళింది. "మేనేజరుగారికి నువ్వే చెప్పు. శుక్రవారం లోపు చెప్పకపోతే నేను చెప్తాను."

అతని మొహం ఎర్రబడింది. "నా పని మీద నమ్మకం లేదా?"

"ఉంది. బీరువా అంతా చదివి మరీ తెచ్చుకున్నాను."

"సొంత అక్క అనుకున్నాను మిమ్మల్ని."

"అందుకేగా నీచేత చెప్పిస్తున్నాను. అవతల ఆ మందు తాగేది పసిపిల్లలయ్యా."

గురువారం సాయంత్రం అతను మేనేజరు గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నారు. అక్క తన బల్ల దగ్గర ఒకే వాక్యాన్ని పదిసార్లు చదివింది. బయటికొచ్చాక గిరగిర ఆవిడ వంక చూడకుండా సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ ఊరందరికీ చూపించి మురిసిపోయింది దీన్నా అని మేనేజరు సిగ్గుపడ్డాడట. శుక్రవారం ఇద్దరినీ పిలిచి ఒక మాట చెప్పాడు. ఇకనుంచి అంకెలున్న ప్రతి పంక్తినీ ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చూడాలి. గిరగిర కుర్చీ మారదు. రెండంతల తెర ఒకటి తెప్పించాడు. చూడ్డానికి జనాన్ని తేవడం మానేశాడు.

గిరగిర మంటలు తీసేశాడు. వాటి బదులు మూసినప్పుడు చిన్న చప్పుడు పెట్టుకున్నాడు. డబ్బా, ఊగడం అలాగే ఉంచుకున్నాడు. గుమ్మంలో ఎవరైనా అడుగుపెడితే తెర తిప్పడం మాత్రం మానేశాడు.

నెల రోజులు అక్కతో ముక్తసరిగా మాట్లాడాడు. అంకెలు పైకి చదివేటప్పుడు తప్ప వేరే మాట లేదు. అక్క కూడా బతిమాలలేదు. అతను ఒకసారి చదివిన పంక్తిని ఆవిడ మూడుసార్లు చూసేది. అతనికి ఆ సంగతి తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం పక్క గదిలోంచి కేక వినిపించింది.

"అక్కా, ఒకసారి రండి. నాలుగుకూ అయిదుకూ మధ్య ఉన్నది చుక్కా, నలుసా?"

అక్క వెళ్ళి వంగి చూసింది. చేతిగుడ్డతో తెర తుడిచింది.

"నలుసే," అంది.

"ముందు నలభై అయిదనే చదివాను," అన్నాడు గిరగిర. "మీకు నమ్మకం కుదరదని పిలిచాను."

అక్క స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. "తర్వాతి పంక్తి చదువు," అంది.