చివర కె ఉన్న లారీలు

మా అన్న సుందరరాజుకు నా మీద ప్రేమ ఉందని మా వదిన భాగ్యమ్మ ఇప్పటికీ అంటుంది. ఉంటే ఉండవచ్చు. ఆయన్ను చదివించడానికే నన్ను అయిదో తరగతిలో మాన్పించి గేదెల వెంట పంపారు. అందుకు ఒక్క మంచి మాట ఆయన నోటి నుంచి ఏనాడూ రాలేదు. పైగా గుడివాడలో ఇంగ్లీషు మాస్టారయ్యాక, సెలవలకు దివిసీమ వచ్చినప్పుడల్లా నన్ను కరకట్ట మీద కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడించేవాడు.

కట్ట మీద వెళ్ళే లారీల నంబరు ముందు అప్పట్లో మూడు ఇంగ్లీషు అక్షరాలుండేవి. మన జిల్లా బళ్ళకు వాటిలో చివరిది కె. ఆ మూడు అక్షరాలూ ఏ వరసలోనైనా సరే, ఎక్కడో ఒకచోట ఉండే ఇంగ్లీషు మాట చెప్పాలి. మాట ఎంత పొడుగైతే అంత గొప్ప. ఒకసారి చెప్పిన మాట ఆ రోజుకు మళ్ళీ చెల్లదు.

“చెప్పరా ఏసుపాదం.”

“నాకేం వచ్చన్నయ్యా, పెద్ద బడి ఏబీసీడీలు తప్ప.”

“ఆలోచించు. కె ఉన్న పెద్ద మాటలు తక్కువ. అందులోనే ఉంది మజా.”

నేను ఆలోచించేలోపు లారీ వెళ్ళిపోయేది. ఆయనే ఒక బారెడు మాట చెప్పి, వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టి మురిసిపోయేవాడు. పక్కనున్న నా పిల్లలు నవ్వేవాళ్ళు. ఆయన్ను చూసి నవ్వేవాళ్ళో, నన్ను చూసో నాకు తెలియదనుకునేవాళ్ళు.

“పెద్దోడికి చదువిచ్చాను, నేల చిన్నోడిది” అని మా నాన్న నోటితో చెప్పి పోయాడు. కాగితం రాయలేదు. చాలా ఏళ్ళు పొలం నేనే చేసుకున్నాను. తర్వాత అన్న తనకు సగం కావాలని ప్లీడరు చేత నోటీసు పంపాడు, ఆ వెనకే బందరు కోర్టులో దావా వేశాడు. చదువూ ఆయనదే, పొలమూ ఆయనదేనా? ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

తొంభై అయిదు వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత కుదుటపడింది గానీ మాట పోయింది. మనిషి మనల్ని గుర్తుపట్టాడో లేదో కూడా తెలిసేది కాదట. ఆ సంగతి వినగానే మా ప్లీడరు కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఏమయ్యా, నీ పంట పండింది. వచ్చే వాయిదాకి జడ్జిగారు మీ అన్ననే పిలిచి అడుగుతారు. నోరు విప్పలేదనుకో, మతి లేదని కాగితం పెడతాను. ఇక ఈ కేసు ఇప్పట్లో తేలదు. పొలం నీ కిందే ఉంటది.”

సంతోషించాను. అబద్ధం ఎందుకు?

వాయిదా ముందు రోజు వదిన మా ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసింది. “నేనొక్కదాన్నీ ఆయన్ని బస్సెక్కించలేను ఏసుపాదం. నువ్వొచ్చి తీసుకెళ్ళు.”

“నా మీద వేసిన కేసుకి నేనే తీసుకెళ్ళాలా వదినా?”

“ఇంకెవరున్నార్రా మాకు?”

వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్టాండులో ఆయన చంకలో చెయ్యి వేసి బస్సెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అన్న బరువే లేడు. నన్ను కాకుండా నా చొక్కా బొత్తాం వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిన తడిగుడ్డతో ఆయన పెదవి అంచు తుడుస్తూనే ఉంది.

గుడ్లవల్లేరు దాటాక రైలు గేటు పడింది. మా బస్సు పక్కనే, కాస్త ముందుకు, వడ్ల బస్తాల లారీ వచ్చి ఆగింది. దాని వెనక పాత నంబరు పలక మీద ఏడీకే అని ఉంది.

“ఏదైనా మాట్లాడించు ఏసుపాదం. ఆయనకిష్టమైన మాటలు కదుపుతూ ఉండమన్నాడు డాక్టరు,” అంది వదిన.

మాట్లాడిస్తే నా పొలం పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన చెయ్యి నా తొడ మీద చచ్చిన చేపలా పడి ఉంది.

“అన్నయ్యా, ఏడీకే,” అన్నాను.

కదలలేదు.

జన్మలో మొదటిసారి నా దగ్గర జవాబుంది. ఆయన పంపిన నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చింది కదా. దాని వెనక అంటించిన, ముట్టినట్టు సంతకం పెట్టే కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాటను పోస్టుమాన్ చేత చదివించుకుని, కోపంతో అలాగే గుర్తుపెట్టుకున్నాను.

“అక్నాలెడ్జిమెంట్. మూడూ ఉన్నాయి, చూసుకో.”

ముందు సీటులో ఎవరో తిరిగి చూశారు. అన్న మాత్రం అలాగే ఉన్నాడు. వదిన కళ్ళు దించుకుంది.

వడ్ల లారీ ముందుకు జరిగింది. దాని చోటులోకి ఇటుకల లారీ వచ్చింది. అదీ ఏడీకేనే. నాకు రెండో మాట రాదు.

“అన్నయ్యా, ఇంకోటొచ్చింది. ఏడీకే. అక్నాలెడ్జిమెంట్,” అన్నాను మళ్ళీ.

నా తొడ మీది చెయ్యి కదిలింది. ఆయన నుదురు ముడిపడింది. నోరు ఒక పక్కకు లాగి, గొంతులో ఏదో గరగరలాడింది.

“చె... చెల్లదు.”

“ఏంటన్నయ్యా?”

“చెప్పేశావు. చెల్లదు.” ఊపిరి తీసుకుని, పిల్లవాణ్ణి చూసినట్టు నా వైపు చూశాడు. “ఇంకోటి చెప్పు.”

“నాకు రాదు.”

“బ్లాక్‌బోర్డు,” అన్నాడు.

వదిన తడిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి ఇటుకల లారీని చూస్తూ ఉండిపోయాను. రైలు ఎప్పుడు వెళ్ళిందో, గేటు ఎప్పుడు లేపారో నాకు గుర్తులేదు. ఆసుపత్రి గుమ్మంలో ‘ఫరవాలేదు, ప్రాణభయం లేదు’ అన్న మాట విన్నవాడిలా బందరు దాకా కూర్చున్నాను.

కోర్టులో జడ్జిగారు మెల్లగా అడిగారు. అన్న పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు.

“పొలం ఎవరిదండీ?”

“మా నాన్నదండీ. ఇద్దరం... కొడుకులం.”

మా ప్లీడరు నా చెవి దగ్గరికి వంగాడు. “నువ్వు తీసుకొచ్చి నువ్వే ముంచుకున్నావు. ఇప్పుడేం చేద్దాం?”

“రాజీ రాసెయ్యండి.”

“సగం ఇచ్చేస్తావా?”

“ఇచ్చేస్తానండీ.”

ఏ సగం ఎవరికని జడ్జిగారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే అన్న బాగున్న చెయ్యి పైకెత్తాడు.

“నాకు కాలవ వైపు,” అన్నాడు. ఆ మాట మాత్రం తడబడలేదు.

అప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. మా అన్న మతి ఎక్కడికీ పోలేదు. నవ్వొచ్చింది, కోర్టని ఆపుకున్నాను. కాగితం మీద ఆయన ఇంగ్లీషులో సంతకం చేశాడు, దాని కింద నేను తెలుగులో చేశాను. నాకు పోయింది యాభై ఏడు సెంట్లు, నీళ్ళు ముందుగా ఎక్కే వైపు.