తాడు పట్టినవాని నిద్ర

వసంతము ముగిసి గ్రీష్మము తొంగిచూచుచున్న దినములవి. నల్లమల కొండలమీది మోదుగులు పూలన్నియు రాల్చి బోసిపోయి నిలిచియుండ ఇప్పచెట్ల క్రింద తెల్లని పూలు నేలయంతయు పఱచుకొని మత్తుగొలుపు తీపివాసనను గాలికి పంచుచుండెను. ఎండుటాకులపై ఉడుత పరుగిడినను కొండ కొండంతయు చెవియొగ్గి విన్నట్లుండు ఆ నిశ్శబ్దములో అగాధమైన లోయయందు కృష్ణానది సన్నని వెండితీగవలె రాళ్లమధ్య ఇఱుకుకొని పాఱుచుండెను. ఆ లోయకు గోడగట్టినట్లు నిట్టనిలువుగా లేచిన ఎఱ్ఱరాతి కొమ్మొకటి కలదు. దాని నడుమ మనుష్యుని చేతికందని చోట కొండతేనెటీగలు చేటలంతేసి తుట్టెలను బెట్టి ఎండ సోకినప్పుడెల్ల నల్లని యలలవలె కదలుచుండెను.

ఆ కొమ్మునకు వెనుక నొక గుహయందు చిదంబరమ్మ యను వృద్ధయోగిని నివసించుచుండెను. జటలు నెఱసినను వెన్ను వంగని ఆ మితభాషిణి యొద్ద యోగాభ్యాసము చేయు శిష్యులు కొందఱుండిరి. వారిలో అంకన్న యనువాడు ఆ చేరువనున్న చెంచుగూడెమున పుట్టి పెరిగి యౌవనమందే విరక్తి కలిగి గుహకు వచ్చి చేరినవాడు. ఆసనస్థైర్యమందును ప్రాణాయామమందును అతనిని మించినవాడు లేకుండెను. అందఱికంటె ముందుగా గమ్యము చేరవలెనను తహతహయు అతనికంటె నెక్కువ మఱియొకనికి లేకుండెను.

ఆకలికి తగిన అన్నమెట్లో అలసటకు తగిన నిద్రయు అట్లేయనియు పొద్దుగూకినపిమ్మట దేహమును నేలతల్లికి అప్పగించి వేకువకు ముందు ప్రసన్నముగా మేల్కొనుటయే యోగికి తగిన నడవడి యనియు చిదంబరమ్మ శిష్యులకు పలుమాఱు చెప్పియుండెను. కాని ఆ యేటి చలికాలమున దారినబోవు బైరాగి యొకడు గుహవద్ద విడిసి నిద్ర తమోగుణమునకు పుట్టిన బిడ్డయనియు దానిని చంపినవాడే సిద్ధుడనియు చెప్పి పోయెను. ఆ మాట అంకన్న హృదయమున ముల్లువలె నాటుకొనెను. గురువు బోధించిన మితము దుర్బలుల కొఱకని తలపోసి అతడెవ్వరికిని తెలియకుండ నిద్రను విడిచెను. తక్కినవారు పరుండినపిమ్మట సెలయేటిలో మొలలోతు నీట నిలుచుండియు తల వాలినంతనే లాగునట్లు జటను కొమ్మకు కట్టుకొని కూర్చుండియు రాత్రులను గడపసాగెను. కొంతకాలమునకు పట్టపగలే రాళ్లలో ముఖములు కానవచ్చెను. పిలువనివారు పిలిచినట్లు చెవులకు వినవచ్చెను. వానినతడు సిద్ధికి ముంగుఱుతులని భావించి లోలోన ఉప్పొంగెను.

"నీ కన్నులేల ఇట్లున్నవి నాయనా? రాత్రులు నిద్రించుచున్నావా?" అని చిదంబరమ్మ యొకనాడు అడిగెను.

"పొగ తగిలినది తల్లీ. నిద్రకేమియు లోటు లేదు" అని అతడు బొంకెను. ఆమె అతని ముఖమును పరికించి వెడలిపోయెను.

ఇట్లుండ తేనెకాలము వచ్చెను. ఆ గూడెమున నొక కట్టుబాటు కలదు. మగడు కొండకొమ్ము నుండి తాటిపై వ్రేలాడుచు తేనెకై దిగునప్పుడు పైన తాడు పట్టవలసినవాడు భార్యకు తోడబుట్టినవాడే. చెల్లెలి బ్రతుకు తన పిడికిటనున్నదని యెఱిగినవాడు ఆ పిడికిలిని సడలింపడని వారి నమ్మకము. అంకన్న చెల్లెలు ఈదమ్మ. ఆమె మగడు బయ్యన్న. అంకన్న సన్న్యసించినవానివలె గుహయందున్నను ఏటేట ఈ యొక్క పనికి మాత్రము గురువు అనుమతితో వచ్చి తాడు పట్టుచుండెను.

ఆనాటి యుదయమున ఆలుమగలు వచ్చి అంకన్నను కొమ్ముపైకి తోడ్కొనిపోయిరి. గూడెపు మగవారు తక్కినవారందఱును వారితో కందమూలములకై గుహలోని తక్కిన శిష్యులును ఏటి యావలి కొండలకు పోయియుండిరి. బయ్యన్న నారతాటి కొనను యేగిచెట్టు మొదట బిగించి రెండవ కొనను తన నడుమునకు చుట్టుకొనుచుండగా ఈదమ్మ అన్న ముఖమును చూచి దగ్గఱకు వచ్చెను.

"అన్నా, ఏంది నీ కండ్లు అట్ల ఎర్రగుండాయి? రాత్రి పండుకున్న్యావా లేదా?"

"నిద్రతో నాకిప్పుడు పని లేదులే. నీకవి తెలీవు."

"నాకు తెలీకపోతే మాన్లే. ఒళ్లు బాగలేకుంటే చెప్పు. రేపు దిగుతాడు. తేనె యాడికీ పోదు."

"యోగం చేసేటోన్ని నేను. నీ మొగుని బరువు నాకొక లెక్కనా?" అని అంకన్న నవ్వెను. బయ్యన్నయు బావను నమ్మినవాడగుటచే ఆ నవ్వునకు నవ్వు కలిపి గొంగళి కప్పుకొని పచ్చియాకుల పొగకట్టను చేతబట్టి కొమ్ము అంచు దాటి దిగెను.

అంకన్న తాటిని యేగిమ్రాని కొకచుట్టు త్రిప్పి రెండుచేతులతో పట్టుకొని మెల్లమెల్లగా వదలుచుండెను. క్రింద పొగ లేచెను. ఈగల ఝుంకారము ఒకమాఱు పెచ్చరిల్లి పిమ్మట అణగెను. ఎండ వీపున వెచ్చగా సోకుచుండెను. తాడు చేతులలో జారుచు నిలుచుచు జారుచు నిలుచుచు ఊయెలవలె ఒక లయను పొందెను. అంకన్న కన్నులు తెఱచియే యుండెను. తాను మేల్కొనియున్నాననియే అతడు తలచుచుండెను. కాని ఎన్ని నెలలనుండియో వాకిట నిలువబెట్టబడిన నిద్ర అనుమతి యడుగక లోనికి వచ్చెను. ఱెప్పపాటు కాలమునకంటె నెక్కువ కాదు. అంతలోనే వ్రేళ్లు విడివడెను.

తాడు బుసకొట్టిన పామువలె అతని చేతులనుండి దూసుకొనిపోయెను. ఈదమ్మ కెవ్వున కేకవైచి దానిపై బడెను. మంటవంటి నొప్పికి మేల్కాంచిన అంకన్న పాఱుచున్న తాటిని పిడికిళ్ల బిగింపగా అరచేతుల చర్మము లేచి రక్తముతో నార తడిసెను. అటుపిమ్మట తాడు హఠాత్తుగా వదులయ్యెను. క్రిందనుండి ఏ శబ్దమును రాదయ్యెను.

"ఓ మామా! మామా!" అని ఈదమ్మ అంచున బోర్లపడి అఱచెను.

కొంతసేపటికి లోతునుండి మాట వినవచ్చెను. "బతికేవుండా! అరుగుమింద పడినా. కాలు మడతబడింది. ఈగలన్నీ లేసినాయి, ఇప్పుడు లాగబాకండి! కదిలితే సంపేస్తాయి!"

తుట్టెలకు దిగువ మంచమంత వెడల్పున ముందుకు చొచ్చుకొనియున్న రాతియరుగుపై బయ్యన్న పడియుండెను. ఆ యరుగే లేకున్నచో ఏమై యుండెడిదో తలపోయుటకు ఇరువురిలో నొకరికిని ధైర్యము చాలకుండెను. అతడు గొంగళిని నిలువునా కప్పుకొని కదలక కూర్చుండగా రేగిన ఈగలు కొండముఖమునంతయు నల్లని మబ్బువలె క్రమ్ముకొనెను. ఎండ ఆ రాతిని విడిచి ఈగలు చల్లబడి తుట్టెలకు మరలువఱకు అతనిని పైకి లాగుట అసాధ్యము. గూడెమునకు పరుగెత్తి ఏటి యావలివారిని పిలిపింపవలెనన్న చీకటి పడకమానదు. చీకటిలో కాలు విఱిగినవాడు అంచులేని యరుగుపై ఎట్లుండగలడు?

కేక విని చిదంబరమ్మ వచ్చెను. ఆమె అంచునకు పోయి క్రిందికి చూచెను. తాటిని చూచెను. అంకన్న చేతులను చూచెను. కడపట అతని కన్నులను చూచి "ఎన్నాళ్లనుండి?" అని మాత్రము అడిగెను.

అంకన్న ఆమె పాదములపై గూలి జరిగినదంతయు చెప్పెను. "బొంకితిని తల్లీ! నేనే వానిని పడవైచితిని!" అని తలను రాతికేసి కొట్టుకొనబోగా ఆమె అతని నుదుటికి తన యరచేతిని అడ్డము పెట్టెను.

"ఏడ్చుటకు తర్వాత కాలము కలదు. నీ బావను పైకి తేవలసిన బలము నీ భుజములయందే యున్నది. ఈదమ్మ యొక్కతెకు అది శక్యము కాదు. నేను వృద్ధురాలను. ఎండ రాతిని విడుచువఱకు నీకు చేయదగిన పని యొక్కటియే. ఈ నీడలో పరుండి నిద్రింపుము."

అంకన్న నివ్వెఱపోయెను. ఈదమ్మ ఆడుపులివలె లేచి నిలిచెను.

"ఏందమ్మా నువ్వనేది? నా మొగున్ని కింద పారేసి వీడు పండుకుంటాడా? వీనికి నిద్దరెట్ల వస్తాది? రావొచ్చునా?"

"వీని చేతులెట్లు వణకుచున్నవో చూడుము తల్లీ. ఈ చేతులతో లాగినచో నీ మగడు రెండవమాఱు పడును. రెండవమాఱు అరుగు దొరకదు."

 ఈదమ్మ వణకుచున్న ఆ చేతులను చూచి ముఖము త్రిప్పుకొని తాటిని తన యొడిలోనికి లాగుకొని చెట్టు మొదట కూర్చుండెను.

యోగిని తన కాషాయపుచెఱగు చింపి అంకన్న యరచేతులకు కట్టుకట్టి అతనిని యేగిచెట్టు నీడను పరుండబెట్టెను. కాని నెలల తరబడి తఱుమబడిన నిద్ర ఇప్పుడు పిలిచినను రాదయ్యెను.  కనులు మూసినచో తాడు జాఱుచున్నట్లే తోచి అతడు ఉలికిపడి లేచుచుండెను. అన్నిటిని బిగబట్టుట మాత్రమే నేర్చిన ఆ దేహమునకు విడుచుట తెలియకపోయెను. "నా వల్ల కాదు తల్లీ, నాకు పండుకునే యోగ్యత లేదు" అని అతడు గూడెపు బిడ్డడై వెక్కివెక్కి ఏడ్చెను.

"నిద్ర యోగ్యునికిచ్చు బహుమానము కాదు. పసిబిడ్డకును పాపాత్మునకును సమానముగ పెట్టబడిన అన్నమది. నీవు దానిని గెలువనక్కఱలేదు. ఊపిరి లోనికి వచ్చినప్పుడు రానిమ్ము. పోవునప్పుడు దాని వెంట బరువును పోనిమ్ము. నేను మేల్కొనియున్నాను" అని చిదంబరమ్మ అతని ఱొమ్ముపై చేయి వైచెను.

అప్పుడు క్రిందనుండి బయ్యన్న గొంతు పీలగా వినవచ్చెను. "ఈదీ! ఏం చేస్తాండారు పైన?"

ఈదమ్మ తాటిని విడువకయే అంచువైపు వంగెను. పిమ్మట "మాయన్నను పండుకోమంటాంది అమ్మ. నిద్దర లేక చేతులు వణుకుతాండాయి" అని చెప్పెను.

 ఈగల మ్రోత తప్ప మఱేమియు వినరాలేదు. బావ తిట్టునేమోయని అంకన్న కనులు గట్టిగా మూసికొనెను.

"పండుకో బావా" అని ఆ గొంతు పలికెను. "నేనీడ కూచోనే వుంటా. యాడికి పోతా? బాగ పండుకోని లాగు."

ఆ మాట విన్నంతనే అంకన్న వక్షమున బిగిసియున్నదేదియో సడలెను. కన్నీరు కణతలమీదుగా నేలకు జాఱెను. ఊపిరి దీర్ఘమయ్యెను. దవడ వదులయ్యెను. అతడు నిద్రించెను.

ఆ వేచియుండుట ఈదమ్మకు యుగమయ్యెను. క్రింద మగనికి దాహము. నీరు దింపినచో ఈగలు రేగును. పలుకరించినను రేగునేమోయని ఆమె పలుకరింపక తాటిని మాత్రము అప్పుడప్పుడు మెల్లగా గుంజుచుండెను. అతడును అటునుండి మెల్లగా గుంజుచుండెను. ఒకమాఱు గుంజినను బదులు రాలేదు.  మఱల గుంజగా చాలసేపటికి తాడు కదలెను. ఎండ జరిగి నిద్రించుచున్నవాని ముఖముపై బడెను. ఆమె వానివైపు పగతో చూచెను. పిమ్మట మోకాళ్లపై జరిగి తన చీరకొంగును చాచి ఆ ముఖమునకు నీడపట్టెను.

ఎండ కొండముఖమును విడిచెను. ఝుంకారము తగ్గి తగ్గి గొణుగుడయ్యెను. "లేపేదా అమ్మా?" అని ఈదమ్మ పెదవులతో మాత్రము అడిగెను. యోగిని వలదని చేసైగ చేసెను. పడమటి కొండల నీడలు ఏటిని దాటుచుండెను. ఈదమ్మ ఇంక నిలువలేక అన్న భుజముపై చేయి వేయబోవునంతలో అతడు తనంతట కనులు తెఱచెను. ఆ కన్నులు ఎఱ్ఱగనే యున్నవి గాని వానియందు చెదరుపాటు లేదు. రాళ్లు రాళ్లవలె కానవచ్చెను. అతడు చేతులను ముందుకు చాచి చూచుకొనెను. అవి నిలిచియుండెను.

అంకన్న తాటిని చేతబట్టి చెట్టునకు పాదము తన్నిపెట్టెను. ఈదమ్మ వెనుక నిలిచి అతడు లాగినకొలది తాటిని మ్రానికి చుట్టుచుండెను. బయ్యన్న మంచికాలిని రాతికి తన్నుచు వచ్చుచుండెను. తుట్టెల ప్రక్కగా వచ్చునప్పుడు రాతిని తన్నుట మానెను. ఒక తుట్టె నల్లగా మెదలి మఱల అణగెను. రాతియంచున ఒఱసికొనుచున్న నారతాటిలో ఒక పాయ తెగి టప్పున మ్రోగెను. అంకన్న ఉలికిపడలేదు. తొందరపడలేదు. కట్లలోనుండి రక్తము కాఱుచుండగా ఉచ్ఛ్వాసముతో పట్టు మార్చుచు నిశ్శ్వాసముతో లాగుచు ఆ లయను తప్పనీయలేదు. కొంతసేపటికి వాచిన చేయి యొకటి అంచును పట్టుకొనెను. ఈదమ్మ మ్రానికి చుట్టిన తాటిని బిగించి పరుగున పోయి ఆ చేతిని పట్టుకొనెను.

పైకి వచ్చిన బయ్యన్న వెల్లకిల పడి నీరు త్రాగి బావ వంక చూచి "నిద్దర పట్టిందా?" అని అడిగెను. అంకన్న అతని మంచికాలిని కౌగిలించుకొని ఏడ్చెను.

బయ్యన్న కాలు మానుటకు వానకాలమంతయు పట్టెను. అంతవఱకు అతనికి కావలసిన కందమూలములను కట్టెలను అంకన్నయే మోసెను. గురువు అతనికి వేఱొక శిక్ష విధింపలేదు. పొద్దుగూకినపిమ్మట శిష్యులందఱికంటె ముందు అతడు పరుండుచుండెను.

మఱుసటియేటి తేనెకాలమున ఒకనాటి యుదయము మువ్వురును మఱల కొమ్ముపై నిలిచియుండిరి. బయ్యన్న నడుమునకు తాడు చుట్టుకొనెను. పొగకట్ట సిద్ధమయ్యెను. అంకన్న తాటిని చేతికి తీసికొని దానిని నేలపై నుంచెను.

"ఈపొద్దు వద్దు బావా. రాత్రి మా గుహలో ఒకనికి జరమొచ్చి కాపలా కూచున్న్యా. నిద్ర చాల్లేదు."

సిద్ధినొందగోరి లోకమును విడిచినవాడు ఒకరి యెదుట తన దేహపు లోటును సిగ్గుపడక చెప్పగలిగిన ఆ క్షణమున అతని సాధన ఏ మెట్టు నెక్కెనో చిదంబరమ్మ యొక్కతెయే చెప్పగలదు. బయ్యన్న నడుమునుండి తాటిని విప్పెను. ఈదమ్మ దానిని చుట్టలుచుట్టి భుజమున వైచుకొనెను. ఇంకను లేయెండ కొండముఖమును తాకుచుండగా తేనెటీగలు తమ తుట్టెలపై నిశ్చింతగా కదలాడుచుండ ఆ మువ్వురును వట్టిబుట్టలతో మాటలాడుకొనుచు కొండ దిగిపోయిరి.