ఆఖరి బండి

పసుపు తడిసిపోయి ఉంటుందా, కొంగు ముడిలోని పొట్లాన్ని వేళ్లతో తడుముకుంటున్నాను, ఆటో పరదా కిందినుంచి జల్లు కొడుతోంది, పసుపు, కుంకుమ, రెండు గాజులు, ఒక రూపాయి బిళ్ల, ఇంతే కదా గంగమ్మ అడిగేది, పసిబిడ్డ మొదటిసారి నది దాటుతుంటే అమ్మమ్మ నడిమి నీళ్లలో ముట్టజెప్పాలి, మా అమ్మ నా బిడ్డకు ముట్టజెప్పింది, నేనే తప్పాను, రెండేళ్ల కింద నా బిడ్డ సుమనను తొలి కాన్పు అయ్యాక పసిపిల్లతో గద్వాల నుంచి మా ఊరు పెద్దమందడికి తెస్తుంటే బ్రిడ్జి మీద బస్సు ఆగలేదు, నడుమల ఆపితే నా నౌకరి పోతది పెద్దమ్మా అన్నాడు డ్రైవరు, పొట్లం ఒడిలోనే ఉండిపోయింది, నెల తిరగకముందే ఆ పిల్ల నిద్రలోనే పోయింది, ఎందుకో మాకు గూడ తెల్వదు అన్నారు దవాఖానలో, వాళ్లకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు, ఇప్పుడు సుమన ఒడిలో రెండో పాప, ముక్కు అచ్చం దాని అక్కదే, ఈసారి ఊరికే దాటనివ్వను.

బ్రిడ్జిని సగం రిపేరుకని తవ్వారు, మిగిలింది ఒక్క బండి పట్టే దారి, ఒక దిక్కు వదిలితే ఇంకో దిక్కు ఆపాలి, లారీలు కనుచూపు మేర నిలబడ్డాయి, గుంపులో ఆఖరి బండికి ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఇస్తారు, అది అవతలి ఒడ్డు చేరేదాకా అక్కడ ఒక్క బండినీ వదలరు, ఈసారి ఆఖరి బండి మాదే, కాపలా ఉన్న నాగప్ప ఆ కర్రను నా చేతిలోనే పెట్టాడు, గట్టిగ పట్టుకో అవ్వా, అవతల కాపలా ఉన్న శేఖర్ చేతికే ఇయ్యాలె, నడుమల ఆగొద్దు, ఆటో నడిపే ఇస్మాయిల్ నవ్వాడు, మా దేవమ్మక్క చేతికి కట్టె ఇచ్చినవ్, ఇగ ఆ శేఖర్ వీపు ఏమైతదో, సుమన కూడా నవ్వింది, ఎన్నాళ్లకో నవ్వింది, నాకు మాత్రం కిందినుంచి నీళ్ల హోరే వినిపిస్తోంది, పైన జూరాల గేట్లు ఎత్తారట, నది ఎర్రగా, ఒడ్డులు తెలియకుండా పోతోంది, ఆకలి మీద ఉన్నట్టు పోతోంది.

తమ్ముడూ, జర ఆపు, అన్నాను నడిమికి రాగానే, ఏంది అక్కా, గిక్కడనా, దిమాక్ ఖరాబైందా, పిల్ల పేరు మీద ఒక్క నిమిషం, అన్నాను, ఇస్మాయిల్ మా వీధివాడే, తొలి పిల్లను మట్టిలో పెట్టిన రోజు మా వాకిట్లో తల వంచుకుని నిలబడ్డవాడు, అద్దంలో నన్ను చూసి, గబగబ కానియ్యి అని ఆపాడు, అమ్మా యాడికి, అంటోంది సుమన, గిప్పుడే వస్త, అని దిగాను, జనం ఆగి ఆగి నదిలో పైసలు వేస్తుంటే బండ్లు జామవుతున్నాయని బ్రిడ్జి అంచు కమ్మీలకు ఇనుప జాలీ కొట్టారు, చెయ్యి పట్టే సందు కోసం ముందుకు నడుస్తున్నాను, గంగమ్మకు జాలీ కట్టొచ్చా, కానీ రెండు ఒడ్డుల మీదా ఇందరు ఆగి ఉన్నారే, వాళ్ల పనులు వాళ్లవి, ఈ తల్లికి అది తెలియదా, తెలిసీ అడుగుతుందా, అట్లా అనకూడదు, చెంపలేసుకుందామంటే ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పొట్లం, చిరిగిన చోటు దొరికింది, తల్లీ, ఇది తీసుకో, పిల్లను అడగకు, పొట్లం జారింది, పడిన చప్పుడైనా వినిపించలేదు.

వినిపించింది హారన్, వెనుకనుంచి ఇస్మాయిల్‌ది, తల ఎత్తితే ఎదురుగా వానలో రెండు లైట్లు, కర్ర అందకున్నా, ఇంతసేపూ ఎవరూ రాలేదని బండ్లు అయిపోయాయనుకున్నారో, జనమే శేఖర్‌ను తోసుకొచ్చారో, డీసీఎం వ్యాను, ఆగేట్టు లేదు, పక్కకు తప్పుకునే దారి లేదు, నా వెనుక ఆటో, ఆటోలో పాప, రెండు చేతులా కర్ర ఎత్తి దానికెదురు పరుగెత్తాను, టైర్లు తడి రోడ్డు మీద జారుకుంటూ వచ్చాయి, ఇంజను సెగ మొహానికి తగిలాక ఆగాయి, సస్తవా అవ్వా, ఆఖరి బండి ఎప్పుడో దాటిందన్నరు గద, అని డ్రైవరు అరుస్తున్నాడు, పసిపిల్ల ఉందిరా భయ్, అన్నాడు ఇస్మాయిల్, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, డ్రైవరు ఇంజను ఆపేశాడు.

సుమన పాపను గుండెకు అదుముకుని దిగి వచ్చింది, పాప కళ్లు కూడా తెరవలేదు, అమ్మా, నీళ్లల్ల ఏమేసినవ్, అంది, గంగమ్మకు బిడ్డా, అన్నాను, దీని అక్కకు గూడ ఏసినవా, అంది మెల్లగా, ఖాళీ కొంగు ముడిని తడుముకున్నాను, వేయలేదు, దానికి వేయలేదు, దీనికి వేశాను, వేసిన చెయ్యి ఇంకా జాలీ దగ్గరే ఉండగా లైట్లు వచ్చాయి, నేను బండి ఆపించబట్టే వచ్చాయి, ఇచ్చినా ఆపద వచ్చేదైతే, ఇవ్వనందుకే ఆ పిల్ల పోయిందని ఇన్నాళ్లూ ఆ బస్సు డ్రైవరును తిట్టుకున్నానే, ఈ తల్లి ముందు దోషిలా తిరిగానే, కింద నది పోతూనే ఉంది, మా వైపు చూడకుండా, ఎవరి మీదా కోపం లేకుండా, గంగమ్మ ఆ పిల్లను అడగనే లేదు, ఎవరూ అడగలేదు, ఆ పిల్ల ఊరికే పోయింది.