జంట తీగల చుట్టు

ఇద్దరూ కూడబలుక్కునే ఉండాలి. లేకపోతే ఒకే మాట ఎందుకు చెబుతారు? ఆంప్లిఫయర్‌లో ఏ మోతా లేదని నిన్న భార్య జైతూన్‌బీ చెప్పింది. ఇవాళ పొద్దున్నే చర్చి సంఘపెద్ద జకరయ్య వచ్చి, ఆంప్లిఫయర్ ముందు గొంతుక్కూర్చుని, ఏ మోతా లేదన్నాడు. అవే మాటలు. ఇద్దరూ అదే రకంగా గొంతు పెంచి చెప్పారు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

బడేసాహెబ్ ముందుకు వంగి కుడి చెవిని స్పీకరుకు ఆనించాడు. గుయ్యిమంటూ సన్నగా, ఆగకుండా మోత. దూరంగా ఎక్కడో రైసుమిల్లు ఆడుతున్నట్టుంది.

"దెయ్యాలు గుసగుసలాడేది గూడా వినబడేటట్టుండాదే నీకు, సాహెబన్నా," అన్నాడు జకరయ్య. "ఆ దెయ్యాల్ని నువ్వే పెట్టుకో. మా డబ్బా మాకియ్యి. ఆదివారం పాటలు పాడుకోవాల."

"ఈ మోతతోనే పాడతారా?"

"మోత యాడుండాదన్నా?"

అలా అంటూ జకరయ్య వంటగది తెర వైపు చూశాడు. తెర పక్కన జైతూన్‌బీ నిలబడి ఉంది. వెంటనే తల దించుకుంది. ఆ చూపును, ఆ తల దించుకోవడాన్ని బడేసాహెబ్ మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

"సాయంత్రం రాండి," అన్నాడు.

బుచ్చిరెడ్డిపాలెం బస్టాండు వెనక సందులో, ముందు అంగడి, తెర వెనక కాపురం. గోడకు పొలం మోటార్ల కాయిళ్ళు వరసగా వేలాడుతున్నాయి. బడేసాహెబ్ సన్నటి మనిషి. కళ్ళద్దాల కాడలకు నూలుదారం, గోళ్ళ సందుల్లో వార్నీషు. మోటార్లు తిండి కోసం చుడతాడు. పాతకాలపు గాజు వాల్వుల ఆంప్లిఫయర్ల పని మాత్రం మనసు పెట్టి చేస్తాడు. కొత్త మైకుసెట్లలో గొంతు రేకుడబ్బాలో పలికినట్టుంటుందని చర్చి వాళ్ళు ఈ పాతదాన్ని వదలరు. అందులో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మొన్ననే మళ్ళీ చుట్టాడు.

లోపలికి వచ్చే గొంతు ఒక్కటే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని రెండు చేస్తుంది. ఒక కొసన అది పైకి లేస్తుంటే, రెండో కొసన సరిగ్గా అంతే కిందికి దిగుతుంది. కొసకొక వాల్వు. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. చివర ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండింటినీ కలిపి స్పీకరుకు అందిస్తుంది. ఇందులో బడేసాహెబ్‌కు మొదటి నుంచీ నచ్చిన సంగతి ఒకటుంది. ఎదురెదురుగా వచ్చినదే బయటికి పోతుంది. రెండు వైపులా ఒకే తీరుగా వచ్చిన కరెంటు మోతలు మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతాయి.

మనుషుల విషయంలోనూ ఆయన లెక్క ఇదే. ఇద్దరు పోట్లాడుకుంటే అందులో నిజం ఉంటుంది. ఇద్దరూ ఒకే మాట చెప్తే దాన్ని కొట్టిపారెయ్యాలి.

అయితే ఆ రెండు సగాలూ సమానంగా ఉండాలి, లేకుంటే మోత మిగిలిపోతుంది. అందుకే రెండు తీగల్ని జంటగా, పక్కపక్కనే చుడతారు. బడేసాహెబ్ ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో తన తీగ నడుపుతాడు. రెండో తీగ జైతూన్‌బీ వేళ్ళ మధ్య నుంచి వస్తుంది. తీగ కొయ్యకుండా చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుంటుంది. ఆమె స్టూలు ఎప్పుడూ ఆయనకు ఎడమవైపు.

ఈ మధ్య ఆమె ఆ స్టూలును కుడివైపుకు మారుస్తోంది. ఆయన మళ్ళీ ఎడమకు లాగుతున్నాడు. ఎందుకు మార్చావంటే "ఊరికే" అంటుంది. నాయుడుపేటలో ఉన్న కూతురు సాహిరాతో ఫోనులో మాట్లాడుతూ, ఆయన రాగానే పెట్టేస్తుంది. ఒకసారి "నెల్లూరు" అన్న మాట చెవిన పడింది. ఇంకోసారి "మెల్లిగా చెప్పాల". ఏం చెప్పాలి? అంగడి మూసెయ్యమనా?

వాల్వులు అటుదిటూ ఇటుదటూ మార్చాడు. ఎర్త్ తీగ మళ్ళీ అతికాడు. మోత అలాగే ఉంది. ఇక మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు ఒక్కటే. ఆ రోజు చుడుతుండగా ఆమె మధ్యలో చెంగుతో చెమట తుడుచుకోలేదూ? తుడుచుకుంది. లేదా తుడుచుకున్నట్టు ఇప్పుడు అనిపిస్తోందా? ఎంత తలుచుకుంటే అంత స్పష్టంగా ఆ చెయ్యి లేస్తోంది, తీగ సడలుతోంది.

మధ్యాహ్నం ఆమె అన్నానికి పిలిచింది. ఆయన లేవలేదు.

"నీ చెయ్యే. నీ పక్క తీగ వదులైనాది," అన్నాడు. "కావాలనే వదిలినావు."

జైతూన్‌బీ స్టూలు మీద కూర్చుంది. పొద్దున కట్టుకున్న గుడ్డపీలిక ఇంకా వేలికే ఉంది.

"వదిలితే నాకేమొస్తాదయ్యా?"

"అంగడి మూతబడతాది. సాహిరాతో మాట్లాడేది అదే కదా?"

"నీ చెవి గురించి మాట్లాడినా. ఎడం పక్క నుంచి పిలిస్తే నువ్వు పలకడంలేదు. లేని మోత వినబడతాందంటివి. నెల్లూరులో చెవి డాక్టరు కాడికి తీసకపోదామని."

"సాహిరా గూడా అదే అనిందా?"

"అదే అనింది."

"జకరయ్య?"

"ఆయన గూడా."

బడేసాహెబ్ నవ్వాడు. "ముగ్గురూ ఒకే మాట. బాగా కుదుర్చుకున్నారు."

ఆమె వేలి నుంచి పీలికను మెల్లగా జార్చి స్టూలు మీద పెట్టింది. లోపలికి వెళ్ళి సంచీతో వచ్చింది.

"సాహిరా కాడికి పోతుండా. ఇంక నీ తీగ నువ్వే పట్టుకో. అన్నం మూత పెట్టినా."

ఎడమవైపు నుంచి చెప్పింది. ఆయనకు సగమే వినబడింది. తల ఎత్తేసరికి గడపలో ఎండ తప్ప ఎవరూ లేరు.

చుట్టు విప్పేద్దామని కటింగ్ ప్లేయరు తీశాడు. ముందు ప్లగ్గు పీకాడు. అది చేతికున్న అలవాటు. వాల్వుల్లో ఎర్రటి వెలుగు మెల్లగా తగ్గి ఆరిపోయింది. ప్లేయరు పళ్ళ మధ్యకు మొదటి తీగను తెచ్చి ఆగాడు.

గుయ్యిమంటూనే ఉంది.

ప్లగ్గు వైపు చూశాడు. అది నేల మీద పడి ఉంది. స్పీకరు తీగలు ఊడదీశాడు. లేచి సందులోకి వచ్చి నిలబడ్డాడు. ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. దాని వెనక అదే మోత, అదే దూరంలో. ఆయన ఎక్కడికి నడిస్తే అక్కడికి వచ్చింది.

సాయంత్రం జకరయ్య భయపడుతూనే వచ్చాడు. "పోయిందా అన్నా మోత?"

బడేసాహెబ్ ఊడదీసిన స్పీకరు తీగలు మళ్ళీ బిగించాడు.

"డబ్బాలో లేదు," అన్నాడు. "ఎత్తకపోండి."

జకరయ్య తెర వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆంప్లిఫయర్‌ను భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

బల్ల మీద ఖాళీ చోటు మిగిలింది. బడేసాహెబ్ వంగి, ఎడమవైపున్న స్టూలును రెండు చేతులతో పట్టుకుని, మీదున్నది కదలకుండా కుడివైపుకు జరిపాడు. దాని మీద గుడ్డపీలిక, విడిపోకుండా గుండ్రంగా నిలబడి ఉంది. తీగ ఒరిసిన చోట సన్నటి రాగిరంగు గీత, నడుమ ఒక వేలు పట్టేంత ఖాళీ.