పసుపునీళ్ళు పోసిన తోలు కుర్చీ

నేను ఒక తోలు కుర్చీని. సినిమాహాలు వెనక రేకుల షెడ్డులో ఒరిగి ఉన్నాను. చిరిగిన నా ఒళ్ళో ఒక కోడి పొదుగుతోంది. దానిది ఏ కులమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నా చట్రం బిగించింది వడ్రంగి. నన్ను కుర్చీని చేసింది మాత్రం మాదిగపల్లె యోబు. గేదె తోలును తంగేడు బెరడు నానేసిన నీళ్ళలో ఊనబెట్టి పదునుచేసి, నూనె పట్టించి, లోపల కొబ్బరి పీచు కూరి కుట్టాడు. కుట్టాక కూర్చుని చూడందే అప్పగించడం అతనికి అలవాటు లేదు. అలా హాల్లోని నలభై కుర్చీల్లోనూ ముందు కూర్చున్నది అతనే. పనికోసం కూర్చుంటే యజమాని పానకాలయ్యకు తప్పు కనిపించలేదు. బొమ్మ పడితే మాత్రం యోబు మనుషులు తెర కింద నేల మీదే. అంటరానితనం నేరమని చట్టం వచ్చిందని పేపర్లో చదివిన పెద్దమనుషులు, ఆ పేపరుతోనే విసురుకుంటూ నా మీద కూర్చున్నారు.

యోబు భార్య కృపమ్మ ఇటుకబట్టీలో పడి నడుము విరగ్గొట్టుకుంది. ఇక నేల మీద కూర్చోలేకపోయేది. ఇక లాభంలేదని డాక్టరు చెప్పాక, ఒక్క సినిమా చూడాలని ఉందంది. యోబుకు కుర్చీ టిక్కెట్లు ఇవ్వలేదు. బడిపంతులు చేత కొనిపించి, మధ్యాహ్నం ఆటకు, లైట్లు ఆరాక, చేతుల మీద తెచ్చి నాలో కూర్చోబెట్టాడు.

ఆమె నా చేతిని తడిమింది. "ఇది నువ్వు కుట్టిందేనా?"

"నీకోసమే కుట్టాననుకో."

పక్క కుర్చీలో ఎవరో గుర్తుపట్టారు. పేర్లు పడుతుండగానే లైట్లు వెలిగాయి. పానకాలయ్య వచ్చాడు.

"ఏరా యోబూ, దాన్ని లేవదియ్యి."

"అది లేవలేదండీ. సగం దాకన్నా చూడనివ్వండి," అంటూ యోబు టిక్కెట్లు చూపించాడు.

ఆమెను ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. నన్నే ఎత్తి, ఆమెతో సహా బయట ఎండలో దించారు. గోడ అవతల పాట వస్తోంది. కృపమ్మ తలవంచుకుని విన్నది.

సాయంత్రం ఆటకు ముందు నన్ను శుద్ధి చేశారు. నాలుగు బిందెల పసుపునీళ్ళు. తోలుకు అన్ని నీళ్ళు పనికిరావని చెప్పగలిగినవాణ్ణి అప్పుడే గెంటేశారు కదా. వారంలో ఉబ్బి, బూజుపట్టి, కుట్లు తెగాయి. మళ్ళీ యోబుకే కబురు పెట్టారు. అప్పటికి కృపమ్మను మట్టిచేసి మూడు రోజులు.

యోబు వచ్చాడు. నా కుట్ల మీద వేలు పెట్టి చూశాడు.

"కూర్చుని చూడకుండా కుట్టడం నాకు రాదండీ. మీ హాల్లో ఇక కూర్చోను."

పల్లెలో ఎవరిని పిలిచినా అదే మాట.

నా మీద కూర్చుని వేలమంది సినిమాలు చూశారు. ఆ బరువులేవీ గుర్తులేవు. ఎండలో కూర్చుని పాట విన్న ఆ ఎముకలగూడు బరువు మాత్రం ఇంకా దిగలేదు.