మొదటి గుక్క ఎవరిది?

నేను ఒక ఇనుప కడ్డీని. మీ ఇళ్ళలో నాలాంటిది ఉండదు, లేకపోవడమే మేలు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్నప్పుడు మాసచూసెట్స్‌లో ఒక కమ్మరి నన్ను సాగగొట్టి, కొసన గుండులాంటి తల పెట్టాడు. ఆ తలను ఎర్రగా కాల్చి, బీరూ రమ్మూ బెల్లంపాకమూ కలిపిన కూజాలో ముంచుతారు. బుస్సున నురగ పొంగుతుంది. ఊరి పెద్దమనుషులంతా దానికోసం చొంగ కార్చేవాళ్ళే. నీళ్ళు తాగితే రోగమట! తాగుబోతుల మీద ప్రసంగం విని, చర్చి నుంచి నేరుగా మా టావెర్న్‌కే, అంటే మా తాగుడు కొట్టుకే వచ్చేవాళ్ళు, సిగ్గులేని జనం.

టావెర్న్ హెఫ్సిబాది. మొగుడు సముద్రంలో పోయాక, ముగ్గురు ఆడపిల్లలతో ఎక్కడ ఊరికి బరువవుతుందోనని పెద్దలే ఆమెకు బీరు కాచి అమ్ముకునే లైసెన్సు ఇచ్చారు. ఏటేటా మళ్ళీ రాయించుకోవాలి. అది పోతే ఆ నలుగురికీ కూడు లేదు.

ఆ యేడు సంగతి తేల్చడానికి ఆ ఊరి పెద్దలిద్దరు, చర్చి వ్యవహారాలు చూసే డీకన్ అమాసా, సైన్యంలో పనిచేసిన కెప్టెన్ టిల్టన్, మంచు కురిసే ఒక మధ్యాహ్నం మా పొయ్యి దగ్గరే కొలువు తీరారు. కూజా ఒక్కటే. హోదాలో పెద్దవాడు మొదటి గుక్క తాగి పక్కవాడికి అందించాలి, అదీ వాళ్ళ ఆచారం. పాపం, హెఫ్సిబా కూజా తెచ్చి డీకన్ చేతికిచ్చింది.

"ఏమ్మా, రాజుగారి కోసం కత్తి పట్టినవాణ్ణి, నేను నీ కంటికి ఆనలేదా?" అన్నాడు కెప్టెన్.

"హోదా ప్రకారం చర్చిలో తమరు కూర్చునేది నా వెనక బల్ల మీదే కదా!" అన్నాడు డీకన్ మూతి తుడుచుకుంటూ.

కెప్టెన్ కూజా లాగాడు. డీకన్ వదల్లేదు. "అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా, ఆగండి," అని హెఫ్సిబా మొత్తుకుంటూనే ఉంది. చివరికి ఆ దేవుడి మనిషి నన్నే అందుకుని కెప్టెన్ భుజం మీద ఒక్కటిచ్చాడు. ఛీ, వాడి చేతిలో ఉన్నందుకు నాకే అసహ్యం వేసింది.

రొప్పు తగ్గాక ఇద్దరికీ ఎక్కడలేని సఖ్యత కుదిరింది. ఈ ఇంట్లో కొట్లాటలు జరుగుతున్నాయి, లైసెన్సు రద్దు అని రాసి సంతకాలు పెట్టారు.

"కొట్టుకుంది మీరే కదయ్యా!"

"చోటు నీదే కదమ్మా," అన్నాడు కెప్టెన్ భుజం రుద్దుకుంటూ.

బయట మంచు మోకాలి లోతు పడింది. "పోయేముందు ఇంకో కూజా వేడిగా పట్రా," అన్నాడు డీకన్.

హెఫ్సిబా నిండు కూజాతో వచ్చింది. "లైసెన్సు లేకుండా పోస్తే నేరం దొరా. ఇప్పుడేగా సంతకం పెట్టారు?" అని, ఉన్నదంతా పొయ్యిలో కుమ్మరించింది. నిప్పు ఆరిపోయింది.

"ఇక దయచేయండి," అని తలుపు బార్లా తెరిచింది. రేపు పిల్లలకు ఏం పెడుతుందో ఆమెకే తెలియదు. అయినా వాళ్ళిద్దరూ మంచులోకి దిగేదాకా తలుపు వేయలేదు.